రంగు వెయ్యని ట్యూబు

మీకు బాగా నచ్చిన మాటను మీరు చివరిసారిగా అనుమానించింది ఎప్పుడు?

నచ్చని మాట సంగతి అడగడం లేదు. పక్కింటివాడి దేవుణ్ణి, ఎదుటి పార్టీ నాయకుణ్ణి, టీవీలో జాతకం చెప్పేవాణ్ణి అనుమానించడానికి పెద్ద తెలివి అక్కర్లేదు. ఆ పని నేను జీవితమంతా చేశాను, చేసి కాస్త పేరు కూడా తెచ్చుకున్నాను. నేనడిగేది మీ సొంత మాట గురించి. నలుగురిలో చెప్పి చప్పట్లు కొట్టించుకున్న మాట గురించి. దాన్ని వెనక్కి తిప్పి చూసి, ఇది నిజమని నాకెలా తెలిసింది అని మిమ్మల్ని మీరు నిలదీసుకున్నది ఎప్పుడు?

తడుముకుంటున్నారు కదా. నేనూ అంతే. తడుముకోని మనిషిని నా జీవితంలో ఒక్కరినే చూశాను. ఆమె పోయిన నెల చనిపోయింది.

వచ్చే ఆదివారం సాయంత్రం బందరులో సంస్మరణ సభ. ఆమె నడిపిన ల్యాబు నుంచి ఒక అమ్మాయి ఫోన్ చేసింది. "మీరే మాట్లాడాలండీ. మీరు చాలా బాగా మాట్లాడతారని మా మేడమ్ ఎప్పుడూ అనేవారు."

ఆ మాటకు నేను పొంగిపోలేదు. ఆమె నోట అది ఎలా వచ్చేదో నాకు తెలుసు. కళ్ళజోడు నెత్తి మీదికి తోసుకుని, తల కొంచెం పక్కకు వంచి, "బాగా మాట్లాడావు వదినా" అనేది. అని, ఆగేది. ఆ ఆగడంలోనే నా ఉపన్యాసం సగం కూలిపోయేది. మిగతా సగం ఆ తర్వాత వచ్చే ప్రశ్నకు కూలేది.

ఫోన్ పెట్టేసే ముందు ఆ అమ్మాయి ఇంకో మాట అడిగింది. "మేడమ్ ఫొటో పెద్దది చేయించామండీ. మిషను పక్కనే గోడకి పెట్టి దండ వేద్దామనుకుంటున్నాం. వెయ్యొచ్చా?" ఆలోచించి చెబుతానన్నాను. ఇంకా చెప్పలేదు.

ముందే ఒక సంగతి తేల్చేస్తాను. దీన్ని నివాళి అనుకుని చదవకండి. నాకు ఆమె అంటే అసూయ. ఆమె ఉన్నప్పుడు ఉంది, ఇప్పుడూ ఉంది. చనిపోయినవాళ్ళ మీద అసూయ పడకూడదని ఏ శాస్త్రంలోనైనా రాసి ఉంటే ఆ శాస్త్రాన్ని నేను ఒప్పుకోను.

మేమిద్దరం బందరులో ఒకే హాస్టల్లో ఉండి డిగ్రీ చదివాం. ఆమెది పెడన, ఇంట్లో కలంకారీ అద్దకం పని. మాది గుడివాడ, అన్నాల దగ్గర కూచుని కూడా దేవుడు ఉన్నాడా లేడా అని వాదించుకునే ఇల్లు. హాస్టల్లో అమ్మాయిలందరం సరదాకి ఒకర్నొకరం 'వదినా' అని పిల్చుకునేవాళ్ళం. మిగతావాళ్ళ పిలుపులు చదువుతోపాటే పోయాయి. మాది మిగిలింది.

వక్తృత్వ పోటీ ఎక్కడ జరిగినా కప్పు నాదే. ఆమె వచ్చి చివరి వరుసలో కూచుని, అయిపోగానే చెప్పులేసుకుని వెళ్ళిపోయేది. ఆమె నాకు మొదటిసారి కంట్లో పడింది వేదిక దగ్గర కాదు, హాస్టల్ వంటింట్లో. పప్పుచారు ఉప్పుకషాయంలా ఉంటోందని అమ్మాయిలందరికీ వంటామె మీద కోపం. ఆమెను మార్చాలని నేను గదిగదికీ తిరిగి మాట్లాడి అందర్నీ కూడగట్టాను. నాయకత్వం అంటే అదేనని నా నమ్మకం. వార్డెన్ దగ్గరికి ఊరేగింపుగా వెళ్ళబోతుంటే ఈవిడ వంటింట్లో దూరింది.

"అత్తా, ఇవాళ ఉప్పు వెయ్యకముందు ఒక గరిటె తీసి పక్కన పెట్టవా?"

వంటామె విసుక్కుంటూనే పెట్టింది. ఈవిడ ఆ గిన్నె తీసుకొచ్చి అందరి నోట్లోనూ తలా కాస్త పోసింది. ఉప్పు వెయ్యని చారు కూడా ఉప్పగానే ఉంది. నీళ్ళే ఉప్పు. ఆ వేసవిలో హాస్టల్ బోరులో అవే నీళ్ళు వస్తున్నాయి. వంటామె ఆ రోజు నుంచి ఉప్పు తగ్గించింది, గొడవ ఆగిపోయింది. నా ఊరేగింపు మెట్ల దగ్గరే చెదిరిపోయింది.

రాత్రి భోజనంలో వంటామె ఈవిడకు మీగడ పెరుగు వడ్డించింది. నాకు వడ్డించలేదు. నా అసూయ ఆ పెరుగు దగ్గర మొదలైంది.

తర్వాత ఆమె పుణె వెళ్ళింది, అక్కణ్ణుంచి బెంగళూరు. ఫ్లో సైటోమీటర్ అనే యంత్రం ముందు కూచుంది. పదవులు మారాయి, ఆ కుర్చీ మారలేదు. ఆ యంత్రం ఏం చేస్తుందో ఆమే నాకు చెప్పింది. రక్తంలో కణాలన్నీ కలగాపులగంగా ఉంటాయి. యంత్రం వాటిని సన్నని ధారలో ఒకదాని వెనక ఒకటి నడిపిస్తూ ఒక్కొక్క దాని మీదా లేజర్ కాంతి వేస్తుంది. ముందే రక్తంలో కొన్ని మెరిసే రంగులు కలుపుతారు. ఫలానా రకం కణానికి ఫలానా రంగే అంటుకుంటుంది. కంప్యూటర్ తెర మీద ప్రతి కణం ఒక చుక్క. ఎంత మెరిస్తే అంత పక్కకు జరుగుతుంది. చుక్కల గుంపు చుట్టూ గీత గీసి, ఇవి ఫలానా కణాలు అని తేలుస్తారు. రక్తపు కేన్సర్ వచ్చిన మనిషికి అది ఏ రకమో, ఏ మందు పడుతుందో చెప్పేది ఆ చుక్కలే.

అయితే కొన్ని కణాలు ఏ రంగూ లేకపోయినా కాస్తో కూస్తో మెరుస్తాయి. అందుకని అదే మనిషి రక్తం కొంచెం తీసి, ఏ రంగూ కలపకుండా ఒక ట్యూబులో విడిగా ఉంచి, ముందు దాన్ని నడిపించాలి. దాని మెరుపు ఎంతో తెలిస్తేనే మిగతా ట్యూబుల మెరుపుకు అర్థం. తొందరలో ఉన్నవాళ్ళు మొదట ఎగ్గొట్టేది ఆ ట్యూబునే. ఆమె ఎవర్నీ ఎగ్గొట్టనివ్వనిదీ ఆ ట్యూబునే.

ఒకసారి నేను సభ కోసం బెంగళూరు వెళ్ళి ఆమె పనిచేసే చోటికి పోయాను. అప్పటికి ఆ విభాగానికంతటికీ ఆమే పెద్ద. మీటింగ్ జరుగుతోంది. పెద్దావిడ ఎక్కడుందా అని ముందు కుర్చీల్లో వెతికాను. చివర, తలుపు పక్కన, ఇరుకులో కూచుని ఉంది. పరిశోధన చేసే ఒక అమ్మాయి తెర మీద ఎర్రటి పచ్చటి చుక్కల గుంపులు చూపించి ఏదో గొప్ప సంగతి తేలిందని చెబుతోంది. అందరూ తలలూపుతున్నారు. నాక్కూడా ఊపాలనిపించింది. వెనక నుంచి ఇంగ్లీషులో ఒక చిన్న గొంతు, వాతావరణం అడిగినంత మామూలుగా: రంగు వెయ్యని ట్యూబు ఏదీ?

ఆ అమ్మాయి ముఖం పాలిపోయింది. నడిపించలేదట.

"అయితే పద, ఇప్పుడు నడిపిద్దాం" అని ఈవిడ లేచి ఆమెతో వెళ్ళిపోయింది. నన్ను క్యాంటీన్లో కూచోబెట్టి సాయంత్రం దాకా రాలేదు. వచ్చాక అడిగాను.

"అందర్లో ఆ పిల్ల పరువు తీసి, మళ్ళీ పక్కన కూచుని పని చేయిస్తావేంటే?"

"పక్కన కూచోకపోతేనే పరువు పోయేది. రేపట్నుంచి నా దగ్గర దాచేది." టీ సాసర్లో పోసుకుని ఊదుకుంటూ అంది. "నాకు దాచనివాళ్ళు కావాలి వదినా. తెలివైనవాళ్ళు ఎలాగూ దొరుకుతారు."

మరో ఏడాది ఆమె కింద పనిచేసే కుర్రాడొకడు ఆమె పాత ఫలితంలోనే తప్పు పట్టాడట. ఆమే మీటింగ్ పెట్టి, తప్పు ఎక్కడుందో తానే చూపించి, ఆ కుర్రాడి చేత వివరంగా చెప్పించిందట. ఆ తర్వాత ఆమె మాటకు విలువ పెరిగిందని అక్కడివాళ్ళు నాతో చెప్పారు. ఇదెక్కడి న్యాయం? నేను వేదిక ఎక్కి 'నాకు తెలియదు' అంటే సభ ముగుస్తుంది. ఆమె అంటే సభ మొదలయ్యేది.

ఆమె మీద ఒక పత్రికలో వ్యాసం వచ్చింది. పెడనలో తండ్రి అద్దకం కాగుల దగ్గర, అద్దని తెల్లగుడ్డ ముక్కను పక్కన ఉంచి రంగు సరిచూసుకోవడం చిన్నప్పుడే చూసి ఆమె ఈ శాస్త్రం నేర్చుకుందని రాశారు. నాకు ఎంత నచ్చిందో చెప్పలేను. రెండు సభల్లో వాడుకున్నాను కూడా. శ్రమజీవుల చేతుల్లోనే విజ్ఞానం పుట్టిందని గొంతు పెంచి చెప్పడానికి అంతకన్నా ఏం కావాలి? ఆమెకు ఫోన్ చేసి మెచ్చుకున్నాను.

"మా నాన్న జన్మలో తెల్లగుడ్డ పక్కన పెట్టలేదు వదినా. పెట్టి ఉంటే మా చీరలు అన్నిసార్లు తిరిగొచ్చేవి కావు. రంగు తేడా వస్తే చెరువు నీళ్ళని తిట్టేవాడు, పటికని తిట్టేవాడు, మా అమ్మని తిట్టేవాడు."

"మరి పేపరువాళ్ళకి అలా చెప్పావేం?"

"నేను చెప్పలేదు. ఆ అబ్బాయికి నచ్చింది, రాసుకున్నాడు." ఆగింది. "నీకూ నచ్చింది."

ఇక దివిసీమ సంగతి. నాగాయలంక అవతల ఒక ఊళ్ళో పాము కాటుకు మంత్రం వేసే మనిషి ఉండేవాడు. వరినాట్ల కాలంలో ఆ లంకల్లో పాములు కాటెయ్యని వారం ఉండదు. ఆసుపత్రికి తీసుకెళ్ళకుండా అతని గుమ్మంలో పడుకోబెట్టి ప్రాణాలు పోగొట్టుకున్న కుటుంబాలు నాకు తెలుసు. అందుకని మా హేతువాద సంఘం ఆ ఊరి మీద పడింది. పాటలు, నాటికలు, ఇంటింటికీ తిరగడం. ఆ ఏడాది ఆ ఊళ్ళో పాము కాటు చావులు తగ్గాయి. విజయోత్సవ సభ పెట్టాం. నేను గొంతు పోయేదాకా మాట్లాడాను. శాస్త్రం గెలిచింది, మంత్రం ఓడింది అన్నాను. సెలవుకు పెడన వచ్చిన ఆమెను నేనే వెంటబెట్టుకుని పోయాను, నా సభ చూస్తుందని.

చప్పట్లు ఆగాక చివరి వరుసలో ఆమె లేచి నిలబడింది. నలుగురిలో కదా, నన్ను 'అండీ' అని మాట్లాడింది.

"చాలా బాగా మాట్లాడారండీ. ఒక్క సందేహం. మీరు ప్రచారం చెయ్యని ఊళ్ళలో ఎలా ఉందండీ? అక్కడ తగ్గలేదా?"

నాకు తెలియదు. ఎందుకు తెలియాలి? మేం పనిచేసింది ఇక్కడ. నేను ఏదో అనేలోపే మంత్రగాడి అల్లుడు వెనక నుంచి, "అడుగమ్మా, గట్టిగా అడుగు, అంత దూరం నుంచి వచ్చావు" అన్నాడు. జనం నవ్వారు. శత్రువు చేతికి కర్ర అందించింది నా స్నేహితురాలు.

తిరుగు బస్సులో అవనిగడ్డ దాటాం. మోపిదేవిలో భక్తులు ఎక్కి బస్సు కిక్కిరిసింది. ఆ సందట్లో అడిగేశాను.

"నువ్వు ఆ మంత్రగాడి పార్టీవా?"

"పొద్దున అతని ఇంటికెళ్ళానులే. మంత్రం వెయ్యకుండా బతికినవాళ్ళు ఎంతమంది బాబాయ్, ఎప్పుడైనా చూశావా అనడిగాను. తిట్టి పంపించాడు. ఇప్పుడు నువ్వు తిడుతున్నావు."

"అతన్నీ నన్నూ ఒకే గాట కడుతున్నావా?"

"ఒకే ప్రశ్న అడిగాను. అంతే."

"అది వేదిక దగ్గర అడగాల్సిన ప్రశ్నా?"

"అయితే ఎక్కడ అడగాలో చెప్పు వదినా. అక్కడికే వచ్చి అడుగుతాను." వేరుశెనక్కాయల పొట్లం నా ఒళ్ళో పెట్టింది.

ఆ తర్వాత మా కార్యకర్తలు ఉక్రోషంతో మేం అడుగుపెట్టని ఊళ్ళకు కూడా పోయి విచారించారు. అక్కడా తగ్గాయి. ఆ ఏడు ఆసుపత్రిలో పాము విషానికి మందు అయిపోకుండా ఉంచారట, గుంతలు పూడ్చిన రోడ్డు మీద ఆటోలు రాత్రీపగలూ తిరిగాయట. మా నాటికల వల్ల ఎంత తగ్గిందో, అసలు తగ్గిందో లేదో, నాకు ఈనాటికీ తెలియదు. అప్పటి నుంచి మా సంఘం పాటలతోపాటు మందు నిల్వ గురించి కూడా అధికారుల వెంటబడుతోంది. దానివల్ల మేలు జరిగి ఉండొచ్చు. అయినా నేను ఒప్పుకోను. మంత్రగాడి మనుషుల ముందు నన్ను నిలబెట్టి అడగాల్సింది కాదు. పోరాటంలో ఉన్నవాళ్ళకు కొంత దయ చూపాలి. ఆమె నాకు చూపలేదు. అందరికీ చూపింది, నాకు తప్ప.

ఉద్యోగం అయిపోయాక ఆమె బందరు వచ్చేసింది. ఒక ఆసుపత్రిలో గదిని బాగు చేయించి, ఎవరో వాడి వదిలేసిన యంత్రాన్ని తెప్పించి ల్యాబు పెట్టింది. సముద్రపు గాలికి తలుపు బందులు తుప్పు పట్టే ఊళ్ళో లేజర్ యంత్రం ఏం నిలుస్తుందని నేను ఎగతాళి చేశాను. నిలిచింది.

మా చెల్లెలిది పామిడిముక్కల. దాని కూతురు ఇంటర్ చదువుతున్నప్పుడు జ్వరం పట్టుకుంది. ఒంటి మీద కమిలిన మచ్చలు. గుడివాడలో డాక్టరు రక్తం చూసి కేన్సర్ అన్నాడు. ఏ రకమో తేలితేగాని మందు మొదలుపెట్టకూడదు, వెంటనే తేల్చాలి, బందరు వెళ్ళండి అన్నాడు. ఒక రకం మందు ఇంకో రకానికి పనిచెయ్యదు. తప్పు మందు మొదలుపెడితే పిల్ల ఒళ్ళు గుల్లయిపోతుంది, జబ్బు అలాగే ఉంటుంది. మా కుటుంబానికి ఆ వారంలో ఇంకో సంగతి తెలియదు. పిల్ల బతకాలి, దానికి ఆ రకం తెలియాలి.

ఆయుధపూజ మర్నాడు బందరులో రక్తం ఇచ్చారు. సాయంత్రానికి రిపోర్టు రాలేదు. మరుసటి రోజు పొద్దున్నా లేదు. మా మరిది ఫోన్లో మండిపడ్డాడు.

"మీ మేడమ్‌గారి మిషను మొన్న పూజలో పులిహోర తిని పడుకుందా ఏంటండీ? ఇక్కడ పిల్లకి జ్వరం దిగట్లేదు."

నేను గుడివాడ నుంచి బయల్దేరి పోయాను. ల్యాబు తలుపు తీయగానే నాకు ఒళ్ళు మండింది. యంత్రం నుదుట పసుపు, కుంకుమ బొట్టు, పైన బంతిపూల దండ, పక్కన కోసిన నిమ్మకాయ. ఆమె తెర ముందు కూచుని ఉంది.

"ఇటు రా వదినా. ఇది మీ పిల్ల రంగెయ్యని ట్యూబు. చుక్కలు చూడు. పచ్చగా మెరిసిపోతున్నాయి. రంగే కలపలేదు, ఇంతగా ఎందుకు మెరవాలి? దీన్ని చూడకుండా రిపోర్టు రాసి ఉంటే, ఈ పచ్చదనాన్ని పట్టుకుని రకం తప్పు రాసేదాన్ని."

నేను యంత్రం మీది బొట్టు వంక చూశాను. పసుపు. పసుపుకు ఆ కాంతిలో పచ్చగా మెరిసే గుణం ఉందని ఎక్కడో చదివాను. జీవితమంతా నేను వెతుకుతున్న రుజువు నా కళ్ళ ముందుంది. పూజ ఒక పిల్ల ప్రాణం మీదికి తెచ్చింది.

"పసుపే. ఇదిగో నీ మిషను నెత్తి మీదున్న పసుపే. రేపే రాస్తాను చూడు, కృష్ణా జిల్లా అంతా..."

"పసుపే అయి ఉండొచ్చు. మిషను మీదిదే అని ఎలా తెలిసింది?"

"కళ్ళు కనపడటం లేదా నీకు?"

ఆమె తెర వైపు తిరిగింది. శుభ్రమైన నీళ్ళు యంత్రంలో నడిపించింది. తెర నల్లగా ఉంది, ఒక్క మెరుపు లేదు. అదే రోజు అదే యంత్రం మీద నడిచిన ఇంకో రోగి రంగెయ్యని ట్యూబు తీసి చూపించింది. అదీ దాదాపు నలుపే. "బొట్టు పైన రేకు మీద ఉంది. ధార లోపల మూసిన గొట్టాల్లో పోతుంది. మిషనులో పసుపుంటే అందరి రక్తంలోనూ మెరవాలిగా. మీ పిల్ల ట్యూబుల్లోనే మెరుస్తోంది."

లేచి వరండాలోకి వచ్చింది. ఆమె కబురు పెడితే వచ్చిన మా చెల్లెలు, పిల్ల బెంచీ మీద ఉన్నారు. వాళ్ళ ముందు వంగి, "చెయ్యి చూడనివ్వమ్మా" అంది. పిల్ల చొక్కా చెయ్యి పైకి మడిచింది. మోచేతి మడతలో పసుపు మరక.

గుడివాడలో సూది గుచ్చిన చోట రక్తం ఆగలేదట. మా చెల్లెలు పసుపు అద్దింది. భక్తితో కాదు. పసుపు క్రిములను చంపుతుందని చిన్నప్పుడు సైన్సు పాఠంలో చదివి అద్దింది. బందరులో నరం బాగుందని అదే చేతికి, అదే చోట మళ్ళీ గుచ్చారు. పసుపు నీళ్ళలో కరగదు, స్పిరిట్‌లో కరుగుతుంది. స్పిరిట్ దూదితో తుడిచినప్పుడు దూది, గ్లౌజు పచ్చబడ్డాయి, ఆ తడి ఆరకముందే సూది దిగింది, ఆ గ్లౌజుతోనే ట్యూబుల మూతలు తీశారు.

మా చెల్లెలు నోరు తెరిచేలోపే ఈవిడ దాని భుజం మీద చెయ్యి వేసింది. "ఏం కాలేదమ్మా. ఇంకోసారి తీద్దాం, ఈసారి ఈ చేతికి. మధ్యాహ్నానికి చెప్పేస్తాను." ఎందుకు, ఎవరివల్ల అన్న మాట రానివ్వలేదు. మా చెల్లెలు నేను ఎన్నేళ్ళుగా ఏం చెప్పినా, 'నీకేంలే అక్కా, నువ్వు అలాగే అంటావు' అనే మనిషి. ఆమె చెబితే చిన్నపిల్లలా తలూపి, పిల్ల రెండో చెయ్యి చాపించింది.

రెండోసారి రంగెయ్యని ట్యూబు నల్లగా వచ్చింది. అప్పుడు చూసింది మిగతావి. "ఇప్పుడు చెప్పగలను" అంది. రకం తేలింది, అదే సాయంత్రం మందు మొదలైంది. పిల్ల జుట్టంతా ఊడి మళ్ళీ వచ్చింది. ఇప్పుడు పామిడిముక్కల రోడ్ల మీద స్కూటీ నడిపి వాళ్ళ నాన్నని హడలగొడుతోంది.

ఆ రోజు నేను ఓడిపోయినట్టు మీరు అనుకుంటున్నారేమో. యంత్రానికి బొట్టు పెట్టడాన్ని నేను నిన్నా వ్యతిరేకించాను, ఈరోజూ వ్యతిరేకిస్తాను. పసుపు పూజదైతే తప్పు, పాఠంలోదైతే ఒప్పు అని నేననను. ఆ మాటే ఆమెతోనూ అన్నాను.

"అయితే పూజ అలాగే జరగనిస్తావా?"

"బొట్టుతో నాకు పేచీ లేదు. అగరొత్తులతో ఉండేది. పోయినేడు మానేశారు."

"నువ్వు చెబితే మానేశారా?"

"నేనేం చెప్పలేదు వదినా. అగరొత్తి వెలిగించిన గదిలో నీళ్ళ ట్యూబు మూత తీసి పెట్టించాను, వెలిగించని గదిలో ఇంకోటి. రెండూ వాళ్ళ చేతే నడిపించాను. ఒకదాని నిండా పొగ నలుసుల చుక్కలు. వాళ్ళే ఆర్పేశారు."

ఇన్నేళ్ళ ఉపన్యాసాల్లో నేను ఒక్క అగరొత్తి ఆర్పించలేకపోయాను. ఆమె రెండు ట్యూబులతో ఆర్పించింది, అదీ పూజ చేసేవాళ్ళ చేతులతోనే. అసూయ పడకుండా ఎలా ఉండమంటారు? నా మాట విన్నవాళ్ళు నా పక్షం అయ్యారు, లేదా నాకు ఎదురు తిరిగారు. ఆమె ప్రశ్న విన్నవాళ్ళు ఆమె పక్షం కాలేదు. వాళ్ళే ఆ ప్రశ్న అడగడం మొదలుపెట్టారు. నేను పోయాక నా పుస్తకాలు మిగులుతాయి. ఆమె పోయాక ఒక అలవాటు మిగిలింది. ఏది ఎక్కువ కాలం బతుకుతుందో నాకు తెలుసు, తెలియనట్టు నటించలేను.

ఆదివారం సభకు ఉపన్యాసం రాయడానికి నిన్న కూచున్నాను. మొదటి వాక్యమే అద్భుతంగా వచ్చింది: ఆమె వల్లే ఈ డెల్టాలో ఎందరో పిల్లలు బతికారు. చదువుకుంటే నాకే కళ్ళు చెమర్చాయి. దండకు సరేనని ల్యాబుకు ఫోన్ చేద్దామని కూడా చెయ్యి చాపాను.

అప్పుడు వెనక వరుసలోంచి ఆ చిన్న గొంతు. బాగా రాశావు వదినా. ఆ ల్యాబు లేకపోతే ఆ పిల్లలు ఇంకో ఊరికి పోయి బతికేవాళ్ళు కాదా? చూశావా?

చూడలేదు. పోయిన మనిషి మీద ప్రేమతో ఒక్క అబద్ధమైనా చెప్పుకోనివ్వదు. ఫోన్ కింద పెట్టేశాను.

కాని నా సంగతి నాకు తెలుసు. ఆదివారం నాటికి ఆ వాక్యం మళ్ళీ నా నోటికి వస్తుంది. మైకు చేతికి ఇస్తే నేను ఆగను. నన్ను ఆపగలిగిన మనిషి లేదు. అందుకే మిమ్మల్ని అడుగుతున్నాను, అడగడం కాదు, నిలదీస్తున్నాను. దండ మోసుకుని రాకండి, ఒట్టి చేతులతో రండి. ఆదివారం బందరు రండి. చివరి వరుసలో, తలుపు పక్కన కూచోండి. నేను బాగా మాట్లాడతాను. మీ కళ్ళు తడుస్తాయి, చేతులు చప్పట్లకు లేస్తాయి. వాటిని దించుకోండి. లేచి నిలబడి, గొంతు పెంచకుండా, నన్నడగండి: రంగు వెయ్యని ట్యూబు ఏదీ?